పచ్చ నుంచి పచ్చకు: నీళ్ళలో రంగు మార్చే బొమ్మకారు కథ

మొన్న జూన్ నెలలో మా అమ్మాయి తన ఏడేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని డాలస్ నుంచి తిరుత్తణికి వచ్చింది. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. నాకు ఇంగ్లీషు వచ్చు గాని వాడి ఇంగ్లీషు చెవికెక్కదు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన నేనే ఇలా తెల్లమొహం వేస్తే, ఇక మా ఆవిడ సంగతి చెప్పాలా! అవ్వా మనవడూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే తప్ప వారం రోజులదాకా పది మాటలు మాట్లాడుకున్న పాపాన పోలేదు.

వాడి సంచిలో బొమ్మలు చాలానే ఉన్నాయి. చేతిలో మాత్రం ఎప్పుడూ ఒక్కటే, వేలెడంత కారు. పడుకునేటప్పుడు కూడా తలగడ కిందే. ఆ కారుకు ఒక విశేషం ఉందని మా అమ్మాయి చెప్పింది. డాలస్‌లో బల్లమీద పెడితే ఆకుపచ్చగా ఉంటుందట. గోరువెచ్చని నీళ్ళలో ముంచితే పసుపురంగుకు మారుతుందట. తీసి పక్కన పెడితే కాసేపటికి మళ్ళీ ఆకుపచ్చ అవుతుందట.

వచ్చిన మర్నాడే వాడు ఈ తమాషా మాకు చూపించాలనుకున్నాడు. చిన్న చెంబులో నీళ్ళు పట్టి, మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, కారును ముంచాడు. కారు పసుపుగా ఉంది, ముంచినా పసుపే. తీసి ఆరబెట్టాడు, అయినా పసుపే. నాలుగైదుసార్లు ప్రయత్నించి, “ఇట్స్ బ్రోకెన్, తాతా!” అని బావురుమన్నాడు.

చిన్న వస్తువే గదా అని మేం తేలిగ్గా తీసుకున్నాం. అదే మా పొరపాటు. నీళ్ళు చాలినంత వేడిగా లేకపోవడంవల్లనే రంగు మారడం లేదని వాడు అనుకున్నాడు. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యిమీద మరుగుతున్న నీళ్ళగిన్నె వైపు ముక్కాలిపీట జరిపి ఎక్కుతున్నాడు. మా ఆవిడ సమయానికి చూసి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది, లేదా అసలు ఉండేది కాదు.

ఆ సాయంత్రం నేను ఆ కారును చేతిలోకి తీసుకుని మొదటిసారిగా శ్రద్ధగా చూశాను.

పాడైంది కారు కాదు

డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఏసీ ఎప్పుడూ 72 దగ్గర ఉంటుందట. అది వాళ్ళ ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో సుమారు 22 డిగ్రీలు. మా ఇంటి గోడకున్న థర్మామీటరు ఆ రోజు సాయంత్రం కూడా 35 చూపిస్తోంది. తమిళనాడులో ఎండలు మండే ఊళ్ళ పేర్లు పేపర్లో వచ్చినప్పుడల్లా వెల్లూరుతో పాటు మా తిరుత్తణి పేరు కూడా కనిపిస్తూ ఉంటుందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

అప్పుడు తట్టింది. కారు పాడవలేదు. డాలస్‌లో వెచ్చని నీళ్ళు చేసే పనిని మా ఊళ్ళో గాలే చేసేసింది! విమానం దిగి ఇంటికి చేరేసరికే అది పసుపుగా మారిపోయి, అలాగే ఉండిపోయింది. రాత్రిపూట కాస్త చల్లబడే అవకాశం ఉన్నా, అప్పుడు పిల్లవాడి తలగడ కింద వెచ్చగా పడుకుని ఉంది.

ఫ్రిజ్‌లోంచి నీళ్ళసీసా తీసి గిన్నెలో పోశాను. “ముంచరా” అన్నాను. వాడు అపనమ్మకంగా ముంచాడు. చక్రాల దగ్గర మొదలై, రంగు పైకి పాకుతూ, రెప్పపాటులో కారంతా ఆకుపచ్చ అయింది. వాడి మొహం చూడాలి! తీసి బొటనవేలు ఆనించాడు. వేలు పెట్టినచోట పసుపుమచ్చ పడింది. మన ఒంటివేడికే మారుతోందన్నమాట.

వెంటనే అవ్వ దగ్గరికి పరుగెత్తాడు. నేర్చుకున్న నాలుగు తెలుగు మాటల్లో ఒకటి వాడుతూ, “అవ్వా, ఏ రంగు?” అన్నాడు.

“పచ్చ” అంది మా ఆవిడ.

కారును రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది, పసుపు చేసి, “ఇప్పుడు?” అన్నాడు.

“ఇదీ పచ్చే గదరా!” అంది.

వాడు నా వంక చూశాడు. అవ్వ తనను ఆట పట్టిస్తోందని వాడి అనుమానం.

రెండూ పచ్చే!

నిజానికి ఆవిడ తప్పేమీ చెప్పలేదు. మన తెలుగులో పచ్చ అన్న మాట రెండు రంగులకూ చెల్లుతుంది. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకు రంగు. పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు. పండిన నిమ్మకాయా పచ్చగానే ఉంటుంది, పిందెగా ఉన్నప్పుడూ పచ్చగానే ఉంటుంది. బంగారాన్నీ పచ్చగా ఉందంటాం, పొలాన్నీ పచ్చగా ఉందంటాం. విడదీసి చెప్పవలసి వచ్చినప్పుడే ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అని ముందో మాట చేర్చుకుంటాం. మా ఇరుగుపొరుగు తమిళులకు ఈ చిక్కు లేదు. వాళ్ళకు పచ్చై అంటే ఆకురంగే, పసుపు రంగుకు మంజళ్ అని వేరే మాట ఉంది. మనం పచ్చకామెర్లు అనే జబ్బును వాళ్ళు మంజళ్ కామాలై అంటారు.

మా తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజున మద్రాసు రాష్ట్రంలో చేరింది. అందుచేత మా వీధిలో ఒక ఇంట్లో పచ్చ అంటే రెండు రంగులు, పక్కింట్లో పచ్చై అంటే ఒకటే రంగు. బజారులో కూరలు కొనేటప్పుడు మేం ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెలియకుండానే మారిపోతూ ఉంటాం. మా మనవడి కారు పచ్చ నుంచి పచ్చకు మారిందంటే మాకు నవ్వొచ్చింది గాని, వాడికి అది పెద్ద వింత. ఒక భాషలో ఒకే మాటగా ఉన్నది ఇంకో భాషలో రెండు మాటలవుతుందని ఏడేళ్ళవాడికి మొదటిసారి తెలిసింది. ఆ రాత్రి వాడు నిద్రపోయే ముందు వాళ్ళమ్మను అడిగి ఆకుపచ్చ, పసుపుపచ్చ అని పదిసార్లు పలికాడట.

కుండకి ప్లగ్గు ఏది?

మర్నాటి నుంచి మా ఇంట్లో నీళ్ళన్నిటికీ పరీక్ష మొదలైంది. నా పాత లాబొరేటరీ థర్మామీటరు బయటికి తీశాను. వాడు కారు ముంచడం, నేను డిగ్రీలు చదవడం, అవ్వ రంగు పేరు చెప్పడం.

మధ్యాహ్నం రెండు గంటలకు మిద్దెమీది ట్యాంకు నుంచి కొళాయిలో వచ్చిన నీళ్ళు 41 డిగ్రీలు. కారు పసుపుపచ్చ. నీళ్ళ గదిలో డ్రమ్ములో నిలవ ఉన్న నీళ్ళు 33 డిగ్రీలు. అదీ పసుపే. వీధి చివర చేతిపంపును కాసేపు కొట్టాక వచ్చిన నీళ్ళు 30 డిగ్రీలు. అప్పుడు కారు అటూ కాక ఇటూ కాక నిలిచింది. వాడు గబగబా అవ్వ దగ్గరికి తెచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, “ఇది లేత మామిడాకు రంగు” అంది. ఫ్రిజ్ నీళ్ళు 8 డిగ్రీలు, అందులో కారు నిండు చిలకపచ్చ.

చివరికి వంటింటి మూల ఇసుకమీద కూర్చున్న మట్టికుండ. వాడికి దానిమీద పెద్దగా ఆశ లేదు. లోటాతో నీళ్ళు తీసి ముంచాం. 27 డిగ్రీలు! కారు చక్కగా చిలకపచ్చ అయింది. వాడు కుండ చుట్టూ తిరిగి, వెనక్కి వంగి చూసి, “తాతా, వేరీజ్ ద ప్లగ్?” అన్నాడు. కుండకి ప్లగ్గు ఎక్కడుందని!

నేను సైన్సు మాస్టారినై ముప్పై రెండేళ్ళు చెప్పిన పాఠాల్లో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. కుండ మట్టికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీళ్ళు కొద్ది కొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండలోని నీళ్ళ నుంచే తీసుకుంటాయి. అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. గాలి పొడిగా ఉన్నకొద్దీ ఆవిరి ఎక్కువ, చల్లదనం ఎక్కువ. వానాకాలంలో గాలి తేమగా ఉన్నప్పుడు కుండ అంతగా పనిచేయదు. భూమి లోపలి నీళ్ళ సంగతి వేరు. పైన ఎండలు మండినా, చలి వేసినా, కొంత లోతున వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. అందుకే బోరునీళ్ళు వేసవిలో చల్లగా, ధనుర్మాసంలో తెల్లవారుజామున వెచ్చగా తోస్తాయి.

లోపల ఉన్న కిటుకు

ఇంతకీ ఆ రంగులో ఏముంది? దీన్ని వాడికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మా ఆవిడే దారి చూపించింది. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపింది. అందులో తాంబూలపు సున్నం కాస్త వేసి వేలితో తిప్పింది. పచ్చని నీళ్ళు ఎర్రగా మారాయి. “మీ కారుకంటే ముందే మా పళ్ళెం రంగు మార్చిందిరా!” అంది. ఇది మనకు హారతి పళ్ళెంలో రోజూ కనబడే వింతే. ఆపైన నిమ్మకాయ పిండింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చింది.

పసుపులో ఉన్న కుర్కుమిన్ అనే పదార్థానికి క్షారం తగిలితే రూపం మారి ఎర్రబడుతుంది. ఆమ్లం తగిలితే మళ్ళీ పసుపవుతుంది. కారు రంగులో జరిగేది కూడా ఇలాంటిదే. ఆ రంగులో ల్యూకో రంగు అనే పదార్థం ఒకటి ఉంటుంది. దానికదే రంగులేనిది. దానికి బలహీనమైన ఆమ్లం వంటి తోడు పదార్థం తగిలినప్పుడే రంగు వస్తుంది. మూడవది, మైనం లాంటి కొవ్వు పదార్థం. ఈ మూడింటినీ కలిపి, మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతల్లో ఉండే బుల్లి గుళికల్లో బంధిస్తారు. తలవెంట్రుక మందంలో ఇలాంటివి పది పదిహేను పక్కపక్కన పడతాయి. ఆ గుళికలను రంగులో కలిపి కారుకు పూస్తారు.

కొబ్బరినూనె సంగతి మీకు తెలుసు. ధనుర్మాసంలో సీసాలో పేరుకుంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది. గుళికలోని కొవ్వు పదార్థం కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు రంగూ దాని తోడూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి, రంగు కనబడుతుంది. వేడెక్కితే కొవ్వు కరిగి, ఆ రెండింటినీ విడదీస్తుంది, రంగు మాయమవుతుంది. ఏ వేడి దగ్గర మారాలన్నది ఆ కొవ్వు ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. మా వాడి కారుకు అది 30, 31 డిగ్రీల దగ్గర ఉందని మా పరీక్షల్లో తేలింది.

కారుకు అడుగున మామూలు పసుపురంగు ఉంది. దానిమీద నీలం గుళికల పొర ఉంది. చల్లగా ఉంటే నీలమూ పసుపూ కలిసి ఆకుపచ్చగా కనబడుతుంది. వేడెక్కితే నీలం మాయమై అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. కాబట్టి ఈ కారుకు కావలసింది నీళ్ళు కావు, వేడీ చల్లదనమే. నీళ్ళు వాటిని మోసుకొచ్చే బండి మాత్రమే.

నిజంగా తడికే రంగు మార్చే బొమ్మలూ, గొడుగులూ కూడా ఉన్నాయి. వాటి కిటుకు వేరు. వాటిపై తెల్లని పొర సన్నని రంధ్రాలతో ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ పొర వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టి తెల్లగా కనబడుతుంది. తడిస్తే రంధ్రాల్లో నీళ్ళు నిండి పొర పారదర్శకమవుతుంది, కింద ఉన్న బొమ్మ కనబడుతుంది. తెల్లని పంచె తడిస్తే ఒంటికంటుకుని పలచగా కనబడడం లేదూ? అదే ఇది.

కాగితం నుంచి కారు దాకా

ఈ రసాయనం మొదట పుట్టింది బొమ్మల కోసం కాదు. 1950లలో అమెరికాలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీవారు కార్బన్ పేపరు అవసరం లేకుండా నకలు తీసే కాగితాన్ని తయారుచేశారు. పై కాగితం వెనుక రంగులేని ల్యూకో రంగు నింపిన గుళికలు, కింది కాగితం మీద ఆమ్లగుణం ఉన్న పూత. పెన్నుతో నొక్కితే గుళికలు పగిలి రెండూ కలిసి అక్షరం పడుతుంది. ఈనాడు ఏటీఎం నుంచి వచ్చే చీటీలో కూడా ఇలాంటి రంగే ఉంది. అక్కడ సిరా ఉండదు, వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది. ఆ చీటీని దాచుకుంటే కొన్నాళ్ళకు వెలిసిపోవడం మనందరికీ అనుభవమే.

వేడికి రంగు పోయి, చల్లబడితే తిరిగి వచ్చే గుళికలను 1970లలో జపానులో పైలట్ సిరా కంపెనీవారు అభివృద్ధి చేశారు. 1980ల చివరికి పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి బొమ్మకార్లు అంగళ్ళలోకి వచ్చాయి. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్, 1968లో మొదలైన హాట్ వీల్స్ రెండూ ఇలాంటి కార్లు చేశాయి. 1991లో అమెరికాలో చెయ్యి ఆనిస్తే రంగు మారే హైపర్‌కలర్ చొక్కాలు ఒక ఊపు ఊపాయి. చెమట పట్టే చోటల్లా రంగు మారి అందరికీ తెలిసిపోవడంతో ఆ మోజు త్వరగానే తీరిపోయింది! అదే పైలట్ కంపెనీ 2000ల దశకంలో రుద్దితే చెరిగిపోయే ఫ్రిక్షన్ పెన్నును తెచ్చింది. రుద్దినప్పుడు పుట్టే వేడికి సిరా రంగు పోతుంది. ఆ పెన్నుతో రాసిన కాగితాన్ని ఎండలో ఆపిన కారులో వదిలేస్తే రాసినదంతా మాయం కావచ్చు. ఫ్రీజరులో పెడితే మళ్ళీ కనబడవచ్చు. పరీక్షలు రాసే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి సుమా!

మనకు దగ్గరలోనూ బొమ్మల తయారీ లేకపోలేదు. ఎం.ఆర్.ఎఫ్. వారు 1987లో నెలకొల్పిన ఫన్‌స్కూల్ సంస్థకు గోవాతో పాటు మా పొరుగున ఉన్న రాణిపేటలో కూడా కర్మాగారం ఉంది.

తిరువళ్ళూరు ప్రయాణం

ఆషాఢ అమావాస్యకు వాణ్ణి తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి తీసుకెళ్ళాను. తిరుత్తణిలో రైలెక్కితే అరక్కోణం మీదుగా వెళ్ళవచ్చు. అమావాస్యకు ఆ కోనేటి గట్టు ఎలా ఉంటుందో చూసినవారికి చెప్పనక్కరలేదు. జబ్బులు కరిగిపోవాలని భక్తులు బెల్లం తెచ్చి నీళ్ళలో కరిగిస్తారు. ఆ కోనేటి పేరు హృత్తాపనాశిని. అంటే మనసులోని తాపాన్ని పోగొట్టేది. మా వాడు జేబులోంచి కారు తీసి నా వంక చూశాడు. “ఇక్కడ వద్దురా, ఇది దేవుడి నీళ్ళు” అన్నాను. మారు మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నాడు. బెల్లం ముక్క కరిగి నీళ్ళు గోధుమరంగుకు తిరగడాన్ని మాత్రం చాలాసేపు చూశాడు.

తిరిగి వస్తూ వాడికి ఇంకో సంగతి చెప్పాను. చేతిలో ఉన్న కారులాంటివి కాదు, మనుషులెక్కే నిజమైన కార్లు కూడా ఈ తిరువళ్ళూరులో తయారయ్యాయి. 1998లో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇక్కడి కర్మాగారంలో మిత్సుబిషి లాన్సర్ కారును మొదలుపెట్టారు. 2021లో ఇక్కడి నుంచే ఫ్రాన్సువారి సిట్రోయెన్ కార్లు బయటికొచ్చాయి. ఇదే జిల్లాలోని ఆవడిలో 1965 నుంచి యుద్ధట్యాంకులు తయారవుతున్నాయి. “అవి రంగు మారుస్తాయా?” అని వాడి ప్రశ్న. ఇవి మార్చవు గాని, 2022 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో బీ.ఎం.డబ్ల్యు. వారు తెలుపు నుంచి నలుపుకు మారే కారును చూపించారని చెప్పాను. అది వేడితో కాదు, కరెంటుతో. పుస్తకాలు చదివే ఈ-రీడర్ల తెరలో ఉండే సిరా లాంటిదాన్నే కారు ఒంటికి చుట్టారు.

మా చిన్ననాటి కారు సంగతి కూడా చెప్పాను. రెండు తాటికాయ బుర్రలకు మధ్య పుల్ల గుచ్చి, పొడుగాటి పంగలకర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్ళం. ఊదారంగు బుర్రలు నాలుగు రోజులకు నల్లబడేవి. రంగు మార్చే బండి మాకూ ఉండేదన్నమాట, కాకపోతే మళ్ళీ పాత రంగుకు వచ్చేది కాదు!

అమ్మానాన్నలకు నాలుగు మాటలు

వంటింట్లో ఆ రోజు జరగబోయి తప్పిపోయిన ప్రమాదం నా మనసులోంచి పోలేదు. అందుకే ఇలాంటి బొమ్మ మీ ఇంట్లోనూ ఉంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది, వేడినీళ్ళు పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఈ బొమ్మలకు గోరువెచ్చని నీళ్ళే ఎక్కువ. 60 డిగ్రీల నీళ్ళు లేత చర్మాన్ని క్షణాల్లో కాలుస్తాయి. మన వేసవిలో అసలు కావలసింది చల్లని నీళ్ళేనని పిల్లలకు ముందుగానే చెప్పండి. కారు మారకపోతే పిల్లవాడు ఇంకా వేడి నీళ్ళకోసం వెతుకుతాడు. మా వాడు చేసింది అదే.

రెండవది, మరుగునీళ్ళలో వేసినా, ఎండలో వదిలేసినా ఆ గుళికలు పాడవుతాయి. ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు వీటికి శత్రువులు. ఆడుకోవడం అయ్యాక తుడిచి నీడలో పెట్టాలి.

మూడవది, రంగు పెచ్చులూడిన బొమ్మను పసిపిల్లల నోట పెట్టనివ్వకండి. రంగుల్లో సీసం ఉంటే పిల్లల మెదడు ఎదుగుదలకు హాని. 2007 ఆగస్టులో మాటెల్ వంటి పెద్ద సంస్థే రంగులో సీసం ఎక్కువైనందున ఒక రకం బొమ్మకార్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. తిరునాళ్ళలో కొన్నా, పెద్ద అంగడిలో కొన్నా ఆ గుర్తు చూసి కొనండి. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఊడివచ్చే చిన్న చక్రాలున్న బొమ్మలు అందేచోట ఉంచకండి.

బొమ్మ లేకపోయినా ఆట ఆగనక్కరలేదు. పసుపూ సున్నమూ నిమ్మకాయా ఉంటే చాలు. శంఖపుష్పాలు నాలుగు వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదా అవుతుంది. వేడినీళ్ళ పని పెద్దవాళ్ళు చేయాలి, రంగు పేరు చెప్పే పని పిల్లలకు వదలాలి. అదీ తెలుగులో!

ఈ రోజు ఏ రంగు?

ఆడికృత్తిక కావళ్ళు చూసి, కొండ దిగువ అంగళ్ళలో ఒక పిల్లనగ్రోవి కొనుక్కుని, ఆగస్టులో వాడు తిరుగుప్రయాణమయ్యాడు. వెళ్ళే ముందు జేబులోంచి కారు తీసి అవ్వ చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ తలగడ కింద దాచుకున్న కారు! వాళ్ళమ్మ వద్దని చెప్పబోతే వాడే అడ్డుపడ్డాడు. డాలస్‌లో అది ఎప్పుడూ ఒకేలా ఉంటుందట. ఇక్కడైతే రోజుకో రంగుగా ఉంటుందట. అవ్వ రోజూ చూసి తనకు చెప్పాలట.

అప్పటి నుంచి ఆ కారు మా ఎండ తగలని ఉత్తరపు కిటికీలో ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ఫోను మోగుతుంది. ఇంతకుముందు ఆ ఫోనులో మా ఆవిడ “బాగుండావా నాయనా?” అంటే వాడు “బాగున్నా” అనడంతో సంభాషణ ముగిసేది. ఇప్పుడు వాడి మొదటి ప్రశ్నే, “అవ్వా, ఈ రోజు ఏ రంగు?”

సెప్టెంబరులో పొద్దున చిలకపచ్చ, మధ్యాహ్నం పసుపుపచ్చ. అక్టోబరులో వానపడిన రోజు రోజంతా లేత మామిడాకు. ఆవిడ కారు రంగు చెప్పాక వానెంత పడిందో చెబుతుంది. వాడు మామిడిచెట్టు సంగతి అడుగుతాడు. తరువాత చెరువు సంగతి, పక్కింటి దూడ సంగతి. మాటలు పది నిమిషాలు దాటుతున్నాయి. తప్పులుంటాయి. దూడ వచ్చాడు అంటాడు. ఆవిడ నవ్వి సరిదిద్దుతుంది.

ధనుర్మాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా కారు నిండు ఆకుపచ్చగానే ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఈసారి వాడి ఫోనుకోసం ఆగకుండా మా ఆవిడే ఫోను చేయించింది. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి అని నేను చెబుతూనే ఉన్నాను. అయినా వినలేదు. నిద్రమత్తులో వాళ్ళమ్మ ఎత్తింది. పక్కనుంచి వాడి గొంతు వినబడింది.

“అవ్వా, పచ్చేనా? ఏ పచ్చ?”